కొండ మీద ఒక రాత్రి

సైకిలు తొక్కడం బాగా వచ్చినవారికి దూరాన కొండ కనబడితే ఒకసారి ఎక్కి చూడాలనిపిస్తుంది. ఎక్కడం ఒక ఎత్తు; ఆ రాత్రి అక్కడే గడిపి, మర్నాడు క్షేమంగా దిగి రావడం మరొక ఎత్తు. ఎక్కేటప్పుడు అలసిపోయినవాడు ఆగుతాడు, లేదా దిగి సైకిలును నడిపించుకుంటూ పోతాడు. దిగేటప్పుడు ఆగడం అతని చేతిలో లేదు, బ్రేకు చేతిలో ఉంది. అందువల్ల ఇలాంటి ప్రయాణం గురించి ఆలోచించేవారు దిగడం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

కొండదారుల్లో సైకిలు తొక్కడం ఒక ఆటగా రూపొందిన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. అక్కడి మారిన్ కౌంటీ యువకులు 1970 తరువాత, పాత సామాన్ల కొట్లలో పడి ఉన్న లావు టైర్ల సైకిళ్లను బాగుచేసుకుని, వాటిని ట్రక్కుల్లో కొండ మీదికి చేర్చి, మట్టిదారి వెంట కిందికి తోలేవారు. 1976 అక్టోబరులో పోటీ కూడా పెట్టుకున్నారు. ఆ సైకిళ్లకు పెడలును వెనక్కు తొక్కితే పడే బ్రేకు ఉండేది. అది వెనుక చక్రపు హబ్బు లోపల ఉంటుంది. కొండ కిందికి వచ్చేసరికి హబ్బు కాలిపోయి, అందులోని గ్రీజు పొగలు కక్కేది. ప్రతిసారీ హబ్బును విప్పి మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది. ఆ పోటీకి ‘రీప్యాక్’ అనే పేరు రావడానికి కారణం అదే. ‘మళ్లీ కూరడం’ అని దాని అర్థం.

ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది? ఏలగిరిని ఉదాహరణగా తీసుకుంటే సులభంగా తెలుస్తుంది. తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లాలో ఉన్న ఈ కొండ సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఉంది. కింద పొన్నేరి దగ్గర మొదలయ్యే ఘాట్ రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. వాటికి తమిళ కవుల పేర్లు, పూర్వకాలపు దాతల పేర్లు పెట్టారు. కింది నుంచి పైకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. సైకిలు, దాని మీద కూర్చున్న పిల్లవాడు కలిపి 60 కిలోల బరువు ఉన్నారనుకుంటే, పైనుంచి కిందికి వచ్చేలోగా నాలుగు లక్షల జౌళ్లకు పైగా శక్తి విడుదల అవుతుంది. నెమ్మదిగా దిగితే అందులో చాలా భాగం బ్రేకు రబ్బర్లలోను, రిమ్ముల్లోను వేడిగా మారుతుంది. లీటరు పైచిలుకు నీటిని మరిగించడానికి చాలినంత వేడి అది! వేలెడంత రబ్బరు ముక్కలు దానిని భరించాలి.

కొత్త చొక్కాకు, రంగు టోపీకి డబ్బు ఖర్చు పెట్టి, అరిగిపోయిన బ్రేకు రబ్బర్లతో కొండకు బయలుదేరేవారు లేకపోలేదు. రబ్బర్లు అరిగి ఉంటే మార్చాలి. బ్రేకు తీగలో ఒక్క పోగు తెగి ఉన్నా మొత్తం తీగను మార్చాలి. బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా, పట్టి వదులుతూ దిగాలి. రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పడితే మనిషి హ్యాండిలు మీదుగా బోర్లా పడతాడు. ఉక్కు రిమ్ములు తడిస్తే రబ్బర్లు జారతాయి, సైకిలు ఆగదు. కొండ మీద తెల్లవారుజామున మంచు పట్టి రోడ్డు, రిమ్ములు తడిగా ఉంటాయి కనుక, ఎండ వచ్చి అవి ఆరేదాకా దిగడం మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు వ్యాను సంగతి. హోసూరు నుంచి ఆరుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు ఏలగిరికి బయలుదేరుతున్నారనుకుందాం. దూరం సుమారు 100 కిలోమీటర్లు. లారీలు పరుగులు తీసే ఆ జాతీయ రహదారి మీద పిల్లలు సైకిళ్లు తొక్కడం తెలివైన పని కాదు. సైకిళ్లను వ్యాను మీదికి ఎక్కించి, రెండు చోట్ల తాళ్లతో బిగించి, కొండ పాదం దాకా తీసుకుపోవాలి. అక్కడినుంచి తొక్కడం మొదలు. వ్యాను సైకిళ్ల వెనకాలే నెమ్మదిగా వస్తే బస్సులకు దారి ఉండదు. అది ముందుగా పోయి నాలుగో మలుపు, ఎనిమిదో మలుపు దాటాక రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆగాలి. పెద్దలలో ఒకరు అందరికంటె వెనుక తొక్కుతూ రావాలి.

ఈ ప్రయాణంలో అన్నిటికంటె విలువైన వస్తువు వెలుతురు. జనవరి నెలలో అక్కడ ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది. బస ఏర్పాటుకు ఒక గంట కావాలి కాబట్టి ఐదింటికల్లా పైకి చేరాలి. ఎక్కడానికి, మధ్యలో ఆగడానికి, పంక్చరు పడితే వేసుకోవడానికి కలిపి మూడున్నర గంటలు పెట్టుకుంటే, ఒకటిన్నరకు పెడలు మీద కాలు పెట్టాలి. అంటే హోసూరులో వ్యాను పదింటికి కదలాలి. ఇంతవరకు చాలామంది లెక్క వేస్తారు. వేయనిది మరొకటి ఉంది. నాలుగింటికి ఎనిమిదో మలుపు దాటకపోతే ఏం చేయాలి? సైకిళ్లన్నీ వ్యాను మీదికి ఎక్కించాలి. ఈ నిర్ణయం ఇంటి దగ్గరే జరిగి, కాగితం మీద ఉండాలి. కొండ మీద నిలబడి మాట్లాడుకుంటే, “ఇంకెంత దూరం, ఆరు మలుపులే కదా!” అనేవాడి మాటే గెలుస్తుంది. చీకటిలో మలుపు తిరిగే బస్సు డ్రైవరుకు లైటు లేని సైకిలు కనబడదు.

ఎక్కుతున్నప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీరు చెమటగా పోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతుండాలి. వేరుసెనగ ఉండలు, అరటిపళ్లు జేబులోకి, రాత్రికి పులిహోర. ఏలగిరి కోతులు సంచులు విప్పడంలో గడుసువి కనుక తిండి సామాను వ్యానులోనే ఉండాలి.

బస చేసే చోటు ముందే మాట్లాడుకోవాలి. అటవీశాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలో రాత్రి ఉండటం నేరం. తోట యజమాని ఒప్పుకుంటే తోటలో వ్యాను నిలుపుకోవచ్చు. నేల చదునుగా ఉన్నచోట ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. పగలు చెమటలు పట్టినవారే రాత్రి దుప్పటి కోసం వెదుకుతారు.

ఆ చలి వల్లనే ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. అద్దాలన్నీ మూసి, వెచ్చదనం కోసం వ్యానులో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, ఇంజను నడుస్తూ ఉండగా నిద్రపోవడం ప్రాణాంతకం. గాలి చాలని చోట మంట కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి ఊపిరి ఆడటం లేదన్న సంగతి కూడా తెలియదు. వంట ఎప్పుడూ బయటే చేయాలి. పడుకునేటప్పుడు ఎదురెదురు అద్దాలు రెండు జానెడు దించి ఉంచాలి. చలికి మరొక దుప్పటే మందు.

మర్నాడు దిగేటప్పుడు పెద్దలలో ఒకరు ముందు, ఒకరు చివర. ముందున్నవారిని ఎవరూ దాటకూడదు. ఎడమ అంచు వదలకూడదు. ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వడం ఘాట్ రోడ్డు నియమం. మూడేసి మలుపులకు ఒకసారి ఆగి రిమ్ములను చల్లారనివ్వాలి. వ్యానుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎక్కిన గేరులోనే దించితే ఇంజనే దానిని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని ఇంజను ఆపి దించే డ్రైవరును పిలుచుకుపోరాదు.

మలుపుల్లో సెల్‌ఫోనుకు సిగ్నలు అందకపోవచ్చు. కనుక వెళ్లేవారి పేర్లు, దారి, బస, తిరిగి వచ్చే వేళ, ‘ఎన్ని గంటలదాకా కబురు రాకపోతే వెదకాలి’ అన్న మాట, 112, 108 నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇంటి దగ్గర ఒకరికి ఇవ్వాలి. తిరిగి రాగానే ముందు వారికి కబురు చెప్పాలి. సైకిళ్లు కడగడం, నిద్రపోవడం ఆ తరువాత. లేకుంటే ఇక్కడ పిల్లలు హాయిగా పడుకుని ఉండగా, అక్కడ కొండ మీద ఎవరో లాంతర్లు పట్టుకుని మలుపు మలుపూ గాలిస్తుంటారు.