పేరుపేరునా వందనాలు

ఎండలకు పేరుపడిన మన రెంటచింతలకు పక్కనే ఉన్న గురజాలకు 1849లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి సేవ చేశారు. అంతకుముందు 1842లో ఆయన గుంటూరు చేరినప్పుడు ఆదరించి అండగా నిలిచింది కలెక్టర్ హెన్రీ స్టోక్స్. హయ్యర్ పేరు మనకు గుర్తుంది. మరి ఆయనకు తెలుగు నేర్పినవారు, దారి చూపినవారు, వండిపెట్టినవారు ఎవరు?

పౌలు అలాంటివారిని మరువలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో 20 మందికి పైగా పేరుపేరునా తలుచుకున్నాడు. ఫీబే తనకు సాయపడిందని, ప్రిస్కిల్ల, అకుల తనకోసం ప్రాణాలకు తెగించారని రాశాడు. రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు.

“దేవునికి స్తోత్రం” అంటాం, మంచిదే. అయితే దేవుడు ఎన్నోసార్లు మనుషుల చేతులతోనే మనల్ని ఆదుకుంటాడు. ఆ చేతులను మరిస్తే మన స్తుతి సగమే.

మిరప చేలో కూలికి వెళ్ళి చదివించిన అమ్మ, వాక్యం నేర్పిన సండే స్కూల్ టీచరమ్మ, ఫీజుకు డబ్బు సర్దిన పక్కింటివారు... ఈ వారం వారిలో ఒకరి గడప తొక్కండి. చేసిన మేలేమిటో చెప్పి మరీ వందనాలు చెప్పండి. సమాధి దగ్గర చెప్పే కృతజ్ఞత వారి చెవిన పడదు.