రెక్క వంగిన పంపు, రెక్క వంగని పంపు

దొరవారిసత్రం నుంచి నాయుడుపేటకో సూళ్లూరుపేటకో వెళ్లి పంపు కావాలని అడిగితే, కొట్లో మొదటి ప్రశ్న "బోరు ఎన్నడుగులు?" అని. రెండోది "ఎన్ని హెచ్‌పీ?" అని. పొలానికైనా మిద్దె మీది ట్యాంకుకైనా ఆ రెండు ప్రశ్నలు చాలు. పెరట్లో చేపల గుంట కట్టుకుని పంపు కోసం వెళ్లినవాళ్లకు మాత్రం వాటితో పనిలేదు. వాళ్ల నీళ్లు ఎక్కడికీ ఎక్కనక్కర్లేదు. గుంటలోంచి తోడిన నీళ్లు ఫిల్టర్ మీదుగా మళ్లీ ఆ గుంటలోకే పడాలి, పగలూ రాత్రీ ఆగకుండా. కానీ కొట్టువాడు అడిగేది అది కాదు కాబట్టి, చివరికి అర హెచ్‌పీ మోనోబ్లాక్ చేతికొస్తుంది. గట్టి సరుకే, సందేహం లేదు. ఈ పనికి మాత్రం తగదు. ఎందుకు తగదో తెలియాలంటే ఆ యంత్రం పుట్టుక దగ్గరికి పోవాలి.

వీధి చివరి చేతిబోరులో పిస్టన్ ఉంటుంది. అది లేచినప్పుడల్లా గొట్టంలోని నీటిని పట్టుకుని పైకి తెస్తుంది. మోనోబ్లాక్‌లో అలాంటిదేమీ లేదు. గుండ్రటి డొక్కులో రెక్కల చక్రం ఒకటి గిర్రున తిరుగుతుంది, అంతే. తడిగొడుగును తిప్పితే చినుకులు అంచుల నుంచి బయటికి చిమ్మినట్టు, చక్రం మధ్యలోని నీళ్లు అంచుకు విసిరేసినట్టు పోతాయి. మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి ఒత్తిడి నీటిని ఆ ఖాళీలోకి నెడుతుంది. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం గానీ, నిజానికి తోసేది మన నెత్తిన ఉన్న గాలే. ఆ గాలి బరువు 10.3 మీటర్ల నీటి మట్టానికి సమానం. అందుకే గట్టు మీద నుంచి ఒట్టి పీల్పుతో నడిచే ఏ పంపూ అంతకన్నా లోతు నుంచి నీటిని తేలేదు. ఆచరణలో ఏడు మీటర్లు దాటితేనే కష్టం.

ఈ ఆలోచనను 1689లో ప్రకటించినవాడు డెనీ పాపిన్. ఫ్రాన్సులో పుట్టి, ప్రొటెస్టెంటు కావడంతో స్వదేశంలో చోటులేక, జర్మనీలోని హెస్సే సంస్థానంలో పనిచేస్తున్న రోజులవి. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌కు మూలపురుషుడూ ఆయనే. ఆ మొదటి పంపులో రెక్కలు తిన్నగా ఉండేవి, నడిబొడ్డు నుంచి అంచు దాకా గీత గీసినట్టు. సూత్రం సరైనదే. దాన్ని తగినంత వేగంగా తిప్పే ఇంజను లేని కాలమది. చక్రం వేగంగా తిరిగితే తప్ప ఈ పంపు పంపు కాదు. అందుకే ఆవిరి యంత్రాలు వచ్చి కుదురుకునేదాకా, నూటయాభై ఏళ్లకు పైగా, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

దాని దశ తిప్పినవాడు ఇంజినీరు కాదు. జాన్ జార్జ్ ఆపోల్డ్ లండన్‌లో బొచ్చుతోళ్లకు రంగులద్దే వ్యాపారి. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు తన పంపును తెచ్చి పెట్టాడు. చక్రం అదే, డొక్కు అదే. రెక్కలను మాత్రం తిరిగే దిక్కుకు ఎదురుగా, వెనక్కి వంచాడు. పరీక్షల్లో తేలిన లెక్క చూడండి. తిన్నటి రెక్కలతో చక్రానికి ఇచ్చిన శక్తిలో 24 శాతమే నీటిని పైకెత్తడానికి పనికొచ్చింది. ఏటవాలుగా పెట్టిన తిన్నటి రెక్కలతో 43 శాతం. వంపు రెక్కలతో 68 శాతం! అసలు తేడా అంతా రెక్కల వంపులోనే. తిన్నటి రెక్క నీటిని విపరీతమైన వేగంతో విసిరి వదిలేస్తుంది. ఆ వేగం డొక్కులో సుడులై, వేడై పోతుంది. వెనక్కి వంగిన రెక్క నీటిని జారనిస్తూ, నెమ్మదిగా, ఎక్కువ ఒత్తిడితో సాగనంపుతుంది. మనకు కావలసింది ఒత్తిడే కదా. యంత్రాల చరిత్రలో ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం అరుదుగా కనిపిస్తుంది.

ఆపోల్డ్ పంపు చేసిన తొలి పెద్ద పనుల్లో ఒకటి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పీటర్‌బరో దగ్గర విట్‌లిసీ మియర్ అనే సరస్సును ఎండగట్టి పొలాలు చేయడానికి దాన్ని వాడారు. 1851లో సరస్సు ఖాళీ అవుతుంటే జనం బురదలో కొట్టుకుంటున్న చేపలను బళ్లకెత్తుకుపోయారు. ఆ తడినేలలను నమ్ముకున్న లార్జ్ కాపర్ అనే సీతాకోకచిలుక ఆ శతాబ్దంలోనే బ్రిటన్‌లో లేకుండాపోయింది. దొరవారిసత్రం పక్కనే నేలపట్టు చెరువుంది. గూడబాతులు పులికాట్ సరస్సులో చేపలు పట్టుకుని, ఆ చెరువులోని చెట్ల మీద గూళ్లలో ఉన్న పిల్లలకు తెచ్చిపెడతాయి. వాటి రెట్టతో సారమైన ఆ నీళ్లు ఆయకట్టు పొలాలకు ఎరువవుతాయి. నీళ్లున్న చెరువు విలువ అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన వైపు అప్పటికి ఏతం, గూడ, మోటలే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆయిల్ ఇంజనుకు ఈ చక్రపు పంపును తగిలించి బావుల మీద నడిపించాలని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పట్టుబట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. అప్పటి నెల్లూరు జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే. కరెంటు కథ మాత్రం కోయంబత్తూరులో మొదలైంది. నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు 1932లో అందుబాటులోకి రావడంతో ఆ ఊళ్లో మిల్లులు, ఫౌండ్రీలు పుట్టుకొచ్చాయి. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి దేశంలోనే తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేశారు. ఇద్దరివీ తరాల కిందట తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలే. బాలసుందరం తరవాత టెక్స్‌టూల్ కంపెనీని నడిపారు. కలంగల్ అనే పల్లెలో పుట్టిన జి.డి.నాయుడు బస్సు నడపడంతో మొదలుపెట్టి యంత్రాల దాకా వచ్చినవాడు. కోయంబత్తూరు నుంచి వచ్చిన పంపులు మన బావుల మీద, బోర్ల మీద ఇప్పటికీ నడుస్తున్నాయి. మోటారు, పంపు ఒకే ఇరుసు మీద ఒకే ముద్దగా ఉండే మోనోబ్లాక్ ఆ వంశంలోదే. దాని లోపల తిరిగేది ఆపోల్డ్ వంపు రెక్కే.

ఇప్పుడు గుంట దగ్గరికి వద్దాం. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతున్న గుంటలో ఆరు వేల లీటర్లు పడతాయి. చేపలకు కావలసింది ఆక్సిజన్. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. మన ఊళ్లలో మామూలైన 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. బొచ్చె, శీలవతి లాంటివి హాయిగా పెరగాలంటే అయిదు ఉండాలి. అంటే చేతిలో ఉన్న మిగులు రెండున్నర. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి తినేస్తుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రొయ్యల గుంటల మీద రాత్రిళ్లు ఏరియేటర్ల చప్పుడు ఎందుకు ఆగదో ఇక్కడి రైతులందరికీ తెలుసు. పెరటి గుంటకూ సూత్రం అదే. నీటి ఉపరితలం పగలాలి, కదలాలి. కొర్రమీను లాంటివి దీనికి మినహాయింపు. అవి పైకొచ్చి గాలిని నేరుగా పీల్చుకుంటాయి.

గుంట నీళ్లన్నీ రెండు గంటలకొకసారి ఫిల్టర్ గుండా తిరిగిరావాలనుకుందాం. గంటకు మూడు వేల లీటర్లు. ఫిల్టర్ నీటి మట్టానికి మీటరున్నర ఎత్తున ఉంది. ఆ నీటిని ఆ ఎత్తుకు చేర్చడానికి కావలసిన అసలు శక్తి 12 వాట్లు. చిన్న ఎల్‌ఈడీ బల్బంత! అర హెచ్‌పీ మోనోబ్లాక్ అయిదు వందల వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 12 యూనిట్లు, నెలకు 360. దాని వంపు రెక్క గొప్పదే కావచ్చు, కానీ నీటిని మిద్దెలు ఎక్కించడానికి పుట్టిన రెక్క అది. మీటరున్నర ఎత్తుకు వాడితే ఆ ఒత్తిడంతా వృథా. వాల్వు బిగించి ధార తగ్గించినా కరెంటు ఖర్చు ఆ నిష్పత్తిలో తగ్గదు.

గుంటలోనే మునిగి నడిచే చిన్న పంపును ఒకసారి విప్పి చూడాలి. ముందున్న జాలీ మూత తీసి, డొక్కును మెలిపెట్టి ఊడదీస్తే, లోపలి గొట్టంలోంచి వేలెడంత అయస్కాంతం బయటికొస్తుంది. దాని నడుమ తెల్లటి సిరామిక్ ఇరుసు. చివర ప్లాస్టిక్ చక్రం. ఆ చక్రానికి రెక్కలు తిన్నగా ఉంటాయి! పాపిన్ 1689లో పెట్టినట్టే, పరీక్షల్లో 24 శాతమే తేలిన ఆ రకమే. తయారుచేసినవాళ్లకు తెలియక కాదు. తీగచుట్టంతా విడిగా ఎపాక్సీలో పోతపోసి ఉంటుంది, దానికి నీరు తగలదు. తిరిగే అయస్కాంతానికి తీగ ఏదీ అంటదు. సింగిల్ ఫేజు కరెంటు ఇచ్చిన క్షణాన అది అటూ ఇటూ ఊగి, ఏదో ఒక దిక్కున ఊపందుకుని నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. కుడికా ఎడమకా అన్నది ప్రతిసారీ వేరుగా ఉండొచ్చు. వంపు రెక్కయితే ఒక దిక్కునే బాగా పనిచేస్తుంది. తిన్నటి రెక్కకు ఎటు తిరిగినా ఒకటే. రెక్కలో కొంత నష్టం ఒప్పుకుని, ఆ మేరకు నీటిని ఆపే సీలును, గ్రీజు పెట్టాల్సిన బేరింగులను తీసేశారు. ఏళ్ల తరబడి ఆగకుండా నడవాల్సిన యంత్రానికి ఇది చాలా తెలివైన బేరం.

లెక్క కూడా దాని వైపే ఉంది. ఇలాంటి పంపు 80 వాట్లతో మన 12 వాట్ల పని చేసిపెడుతుంది. సామర్థ్యం 15 శాతం, చూడ్డానికి నాసిరకమే. నెల కరెంటు మాత్రం 58 యూనిట్లు, మోనోబ్లాక్‌లో ఆరోవంతు. ఈమధ్య వస్తున్న రకాల్లో ఎలక్ట్రానిక్ సర్క్యూటు అయస్కాంతాన్ని ఒకే దిక్కున తిప్పుతుంది కాబట్టి వంపు రెక్క మళ్లీ లోపలికొచ్చింది. ధర ఎక్కువ, వాట్లు దాదాపు సగం. రాత్రింబవళ్లు నడిచేదానికి నేనైతే అదే కొనమంటాను.

పెట్టె మీద రాసిన అంకెలు చదవడంలో జాగ్రత్త కావాలి. "గంటకు 3,000 లీటర్లు, ఎత్తు 3 మీటర్లు" అని ఉంటే రెండూ కలిపి దొరుకుతాయని కాదు. మొదటి అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. రెండో అంకె దగ్గర చుక్క నీరు కూడా పడదు. మీటరున్నర ఎత్తుకు అందులో సగం వస్తే మేలు. మన గుంటకు పెట్టె మీద ఆరు వేలన్నా ఉన్నది కావాలి. లోపల ఎత్తుకూ ధారకూ గీసిన వంపుగీత ఉంటే, దాన్ని చూసి కొన్నవాళ్లకు తిప్పలుండవు.

పైపు దగ్గర పొదుపు చేస్తే పంపు మీద పెట్టిందంతా పోతుంది. అవే మూడు వేల లీటర్లను 16 మిల్లీమీటర్ల పైపులో అయిదు మీటర్లు నడిపిస్తే, రాపిడికే అయిదు మీటర్లకు పైగా ఎత్తు ఖర్చవుతుంది. మన పంపుకు అంత బలమే లేదు. పైపు లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లయితే నష్టం జానెడు. వ్యాసం రెట్టింపైతే రాపిడి ముప్పై రెట్లు తగ్గుతుంది. మోచేతి వంపులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఈ తీరంలో ఉప్పు సంగతీ చూసుకోవాలి. పులికాట్ వైపు ఉప్పు కలిసిన భూగర్భజలాలున్న చోట ఇనుప ఇరుసు, ఇనుప మరలు తుప్పుకు తిండి. సిరామిక్ ఇరుసు తుప్పుకు లొంగదు. ఉప్పు నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువ ఇముడుతుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆయిల్ నింపిన సబ్‌మెర్సిబుల్‌ను చేపలున్న నీళ్లలో దించనేకూడదు. సీలు పగిలితే నూనె తెట్టు గుంటంతా కప్పేస్తుంది. గుంటలో మునిగే 230 వోల్టుల పంపు ఏదైనా సరే, 30 మిల్లీయాంపుల లీకేజీకే తెగే బ్రేకరు లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. చేపలకు మేత వేసే పిల్లల చేతులు ఆ నీళ్లలోనే ఉంటాయి. నీళ్లు గడుసువైతే అయస్కాంతం మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. విప్పి, నిమ్మరసంలో కాసేపు ఉంచి తోమితే వదులుతుంది.

ఫిల్టర్‌లో పనిచేసేది రాళ్లూ స్పాంజీ కాదు, వాటిని అంటుకుని బతికే బాక్టీరియా. చేపలు వదిలే అమ్మోనియాను ఒక రకం నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం దాన్ని అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. రెండింటికీ ఆక్సిజన్ ఉన్న నీళ్లు నిరంతరం పారాలి. ధార గంటల తరబడి ఆగితే అవి చావడం మొదలవుతుంది, కరెంటు వచ్చాక ఆ మురుగంతా గుంటలో పడుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండాలు పట్టే ఈ తీరంలో కరెంటు పోవడం కొత్త కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఈ జిల్లాలను ఎలా ముంచిందో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అలాంటి రోజులకని 12 వోల్టుల డీసీ పంపు చిన్నది ఒకటి విడిగా కొని ఉంచుకోవాలి. పది వాట్లు తాగే పంపును 40 ఆంపియర్-అవర్ల కారు బ్యాటరీకి తగిలిస్తే, బ్యాటరీని సగమే వాడుకున్నా ఒక పగలూ ఒక రాత్రీ నడుస్తుంది. ఫిల్టర్ దాకా నీళ్లు ఎక్కించలేకపోయినా, ఉపరితలాన్ని కదిలించి చేపలను బతికించడానికి ఆ మాత్రం ధార సరిపోతుంది.