స్వకుల వివాహమూ, ఒక జన్యువూ

శస్త్రచికిత్సకు ముందు రోగి శ్వాసనాళంలోకి గొట్టం దింపాలంటే కండరాలు త్వరగా సడలాలి. అందుకు దశాబ్దాలుగా వాడుతున్న మందు సక్సినైల్‌కోలిన్. సాధారణంగా దాని ప్రభావం పది నిమిషాలకు మించదు. కాలేయంలో తయారై రక్తంలో సంచరించే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును వేగంగా విచ్ఛిన్నం చేయడమే అందుకు కారణం. పురుగుమందు తాగినవారి రక్తంలో వైద్యులు తరచూ కొలిచేది కూడా ఈ ఎంజైమునే. ఈ ప్రోటీన్ నిర్మాణానికి కావలసిన సమాచారమంతా మూడో క్రోమోజోము మీది బీసీహెచ్ఈ జన్యువులో ఉంటుంది.

తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ లోపించినవారు మామూలుగానే జీవిస్తారు. శస్త్రచికిత్స గదిలో ఆ మందు ఇచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. నిమిషాల్లో తీరవలసిన చచ్చుదనం గంటలకొద్దీ నిలుస్తుంది. ఊపిరి వెంటిలేటరే పోయాలి. మత్తు వదిలితే తెలివి వస్తుంది గానీ కనురెప్ప కూడా కదలదు. ఇది తెలియని చోట జరిగితే ప్రాణాపాయమే.

ఈ లోపం ఆర్యవైశ్యులలో ఇతర సమూహాల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ప్రోటీన్‌లో 307వ స్థానంలో ల్యూసీన్ ఉండవలసిన చోట ప్రోలీన్ చేరడం దీనికి మూలమని 2006లో ప్రకటితమైన పరిశోధన తేల్చింది. ఇందులో ఆ కులాన్ని వేలెత్తి చూపవలసినదేమీ లేదు. ఏ సమూహంలోనైనా ఏదో ఒక లోపభూయిష్ట ప్రతి ఉంటుంది. అది రెండుగా కలిసే అవకాశాన్ని పెంచేది పెళ్లిళ్ల చుట్టూ కట్టిన గోడ. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్ కులానికి సారం స్వకుల వివాహమేనని వాదించారు. ఆయన సమాజంలో చూసిన దానినే నేడు జన్యుశాస్త్రం రక్తంలో చదువుతోంది.

మేనరికాలు మానేశాము కదా, ఇంకా భయమెందుకని కొందరు నన్ను అడుగుతుంటారు. గోత్రాల పట్టింపు ఉండనే ఉందని మరికొందరంటారు. గోత్రం తండ్రి వైపు వరుసను మాత్రమే లెక్కిస్తుంది. మేనమామ బిడ్డకు గోత్రం వేరు కనుక ఆ సంబంధాన్ని అది అడ్డుకోదు. మేనరికం మానడం మేలే. కానీ కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, శతాబ్దాలుగా తమలో తామే పెళ్లాడిన సమూహంలో వధూవరులు చుట్టాలు కాకపోయినా ఒకే పూర్వీకుని జన్యుఖండాన్ని మోస్తూ ఉండవచ్చు. లక్షల జనాభా ఉన్నంత మాత్రాన ఆ పాత ఇరుకు విప్పారదు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి, 81 సమూహాలలో ఈ పరిస్థితి ఫిన్లాండు ప్రజలలో కంటే, అష్కనాజీ యూదులలో కంటే తీవ్రమని చూపింది. రక్తశుద్ధి గురించి గర్వించేవారు ఈ అంకెను ఎందుకు ప్రస్తావించరో నాకు బోధపడదు. పైగా మన పూర్వీకులు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు విస్తృతంగా కలగలిసినవారే. గోడలు ఆ తర్వాతివి.

అయితే ఆసుపత్రి దరఖాస్తులో కులం గడి పెట్టాలా? నేను ఒప్పుకోను. మన దేశంలో కులం అడిగిన చోట రోగికి జరిగే అవమానం సంగతి దళితులకు చెప్పనక్కరలేదు. పైగా కులం పేరు జన్యువుకు నమ్మకమైన గుర్తు కాదు. ఇతర కులాల్లోనూ ఈ లోపం కనిపిస్తుంది. 'మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?' అన్న ప్రశ్న ప్రతి రోగినీ అడగాలి. అనుమానం ఉంటే రక్తంలో ఎంజైము స్థాయి చూసి, రోక్యురోనియం వంటి వేరే మందు వాడవచ్చు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైన ఇంట్లో ఒకరిలో లోపం తేలితే, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాళ్లకూ పరీక్ష చేసి, ఫలితాన్ని ఒక కార్డు మీద రాసి చేతికివ్వాలి.