వరుసలు తెలిసిన పాఠకులకు ఓజిబ్వే నవలలు

అమెరికా, కెనడా మూలవాసి రచయితల కుటుంబ నవలల్లో ప్రధాన పాత్ర ఎవరిదని వెతికే పాఠకుడికి సమాధానం అంత తొందరగా దొరకదు. వాటిలో పేరు పొందిన చాలా నవలలు ఒక వ్యక్తి జీవితాన్ని గాక, నాలుగైదు ఇళ్ల మధ్య మూడు నాలుగు తరాలపాటు అల్లుకున్న బంధుత్వాన్నే కథావస్తువుగా స్వీకరించడం ఇందుకు కారణం. ఐరోపావారు రాకముందు నుంచీ ఆ నేలపై నివసిస్తున్న ప్రజలనే మూలవాసులంటారు. పాత తెలుగు పుస్తకాలు వారిని రెడ్ ఇండియన్లని పిలిచాయి. అమెరికా ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన తెగలే 570కి పైగా ఉన్నాయి. ఒక్కొక్క తెగకు తనదైన భాష, తనదైన బంధుమర్యాద, తనదైన చరిత్ర ఉన్నందున, అందరికీ ఒకేలా వర్తించే 'మూలవాసి కుటుంబం' అనేది ఎక్కడా లేదు. ఇంటర్నెట్ ద్వారా వారానికో పక్షానికో కలుసుకుని ఒకే పుస్తకాన్ని చదివి చర్చించుకునే బృందాలు ఈ నవలలను చేపట్టేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది ఈ సంగతే. అందుచేత ఒక తెగను, ప్రధానంగా ఆ తెగకు చెందిన ఒక రచయిత్రిని ఆధారం చేసుకుని, అటువంటి పఠనం ఎలా సాగితే ఫలవంతమవుతుందో పరిశీలించడం సమంజసం.

ఆ తెగ ఓజిబ్వే. దానికి చిప్పెవా అనే పేరు కూడా ప్రచారంలో ఉంది. ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల చుట్టూ, అంటే నేటి మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాలలోను, కెనడాలోని ఒంటారియోలోను, పడమటి వైపు నార్త్ డకోటాలోను వీరు విస్తరించి ఉన్నారు. ఆ రచయిత్రి 1954లో మిన్నెసోటాలో పుట్టి నార్త్ డకోటాలో పెరిగిన లూయీస్ ఎర్డ్రిక్. టర్టిల్ మౌంటెన్ చిప్పెవా తెగలో ఆమె సభ్యురాలు. 1984లో వెలువడిన ఆమె తొలి నవల 'లవ్ మెడిసిన్' నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం అందుకుంది. జూన్ అనే స్త్రీ 1981లో ఈస్టర్ వేళ మంచులో ఇంటిదారి పట్టి మరణించడంతో ఆరంభమయ్యే ఆ కథ, తరువాతి అధ్యాయంలోనే 1934కు వెళ్లిపోతుంది. అక్కడి నుంచి కాష్పా, లామార్టీన్, మోరిస్సీ, నానాపుష్ ఇళ్లవారి కథలు కాలక్రమాన్ని పట్టించుకోకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకరు దాచిన సంగతిని మరొకరు మాట వరసకు బయటపెడతారు. లిప్షా అనే యువకుడు జూన్ కొడుకని ఊరివారికి తెలుసు, అతడికే తెలియదు. ఇన్ని పేర్లు, ఇన్ని గొంతులు ఒక్కసారిగా మీదపడినప్పుడు ఒంటరి పాఠకుడు సగంలోనే పుస్తకం మూసివేయడం వింతేమీ కాదు. కలిసి చదివే బృందానికి ఇక్కడే తొలి ప్రయోజనం కనిపిస్తుంది. అందరికీ తెరమీద కనిపించేలా ఒక వంశవృక్షాన్ని ఉమ్మడిగా గీసుకుంటూ, ప్రతి సమావేశంలోనూ దానికి కొత్త కొమ్మలు చేర్చుకుంటూ, పాత గీతలు సరిదిద్దుకుంటూ పోతే, గందరగోళంగా తోచిన నిర్మాణమే నవలలోని అసలు సారమని బోధపడుతుంది.

ఈ పనిలో తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన న్యాయవాది, మానవశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన లూయిస్ హెన్రీ మోర్గన్, ముందు తన ప్రాంతంలోని సెనెకా తెగ బంధుత్వ పద్ధతిని గ్రంథస్థం చేసి, 1858లో మిషిగన్‌లోని మార్కెట్ పట్టణానికి వెళ్లినప్పుడు ఓజిబ్వేలలోనూ ఇంచుమించు అదే పద్ధతి ఉందని కనుగొన్నాడు. ఆ తరువాత దేశదేశాల నుంచి వివరాలు తెప్పించుకుని 1871లో ప్రచురించిన బృహద్గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ వరుసలను కూడా పట్టికలో చేర్చాడు. ఆ పోలిక అతడిని ఆశ్చర్యపరిచింది. రెండు చోట్లా తండ్రి అన్నదమ్ములు తండ్రి వరుస, తల్లి అక్కచెల్లెళ్లు తల్లి వరుస, వారి పిల్లలు తోబుట్టువులు. మేనమామ పిల్లలదీ మేనత్త పిల్లలదీ మాత్రం పూర్తిగా వేరే వరుస. పెదనాన్న కొడుకును అన్నగా, మేనమామ కొడుకును బావగా చూడడం తెలుగింటి పిల్లలకు బడికి వెళ్లకముందే పట్టుబడుతుంది. వీరందరినీ ఒకే గాటన కట్టే ఆంగ్ల పాఠకుడు దీన్ని ప్రయత్నపూర్వకంగా నేర్చుకోవాలి. ఇటువంటి ఏర్పాటుకు మానవశాస్త్రజ్ఞులు 'ద్రావిడ పద్ధతి' అనే పేరే పెట్టారు, పూర్వపు ఉత్తర ఓజిబ్వే సమాజాలను దానికి ఉదాహరణగా చూపారు. అక్కడ మేనరికం ఉండేది, బావామరదళ్ల మధ్య పరాచికాలు కూడా ఉండేవి.

అయితే ఈ పోలికను ఎంతవరకు తీసుకువెళ్లవచ్చునో మోర్గన్ పొరపాటే చెబుతుంది. వరుసలు ఒకటే గనుక అమెరికా మూలవాసులు ఆసియా నుంచే వచ్చి ఉంటారనడానికి ఇదే రుజువని అతడు వాదించాడు. పరస్పర సంబంధం లేని సమాజాల్లో సైతం ఇటువంటి పద్ధతి రూపొందగలదు కాబట్టి ఆ తర్కాన్ని నేటి పండితులు అంగీకరించరు. పైగా ఎర్డ్రిక్ పాత్రలు ఇరవయ్యో శతాబ్దపువారు, చర్చికి వెళ్లేవారు, ఫ్రెంచి రక్తం కలిసిన కుటుంబాలవారు. పాత వరుసలు వారి జీవితంలో చెక్కుచెదరకుండా లేవు. కనుక తెలుగు పాఠకులు ఆ ఇళ్లవారిని తమ చుట్టాలుగా భావించుకోవలసిన పనిలేదు. తమకు సహజంగా అబ్బిన చూపును ఉపయోగించుకుంటే చాలు.

ఆ చూపు వల్ల కలిగే లాభం జూన్ విషయంలో స్పష్టమవుతుంది. తల్లి చనిపోయిన ఆ పిల్లను మేరీ కాష్పా తన ఇంటికి చేర్చుకుంటుంది. మేరీకి జూన్ సొంత తోబుట్టువు బిడ్డ. తల్లి తోబుట్టువు తల్లేనన్న లెక్కలో పెరిగిన పాఠకుడు ఇందులో ఉదారతను గాక బాధ్యతను చూస్తాడు, ఆ తరువాత జూన్ ఆ ఇంటిని వదిలి అడవిలో బతికే, మేరీ భర్త నెక్టర్‌కు సోదరుడైన ఎలై దగ్గరకు వెళ్లిపోయినప్పుడు మేరీ ఎందుకంతగా గాయపడిందో గ్రహిస్తాడు. 1988లో వచ్చిన 'ట్రాక్స్' నవల దీన్ని మరింత లోతుకు తీసుకువెళ్లింది. మేరీ అసలు తాను పెరిగిన ఇంట పుట్టినదే కాదని, మరొక స్త్రీ కని వదిలేసిన బిడ్డ అని అందులో తెలుస్తుంది. రక్తం ప్రకారం జూన్‌కూ మేరీకీ ఉన్న సంబంధం అక్కడితో చెరిగిపోయినా, పెంపకంతో ఏర్పడినది చెరగదు. బృందం గీసుకున్న వంశవృక్షంలో కన్నవారికి ఒక రంగు గీత, పెంచినవారికి మరొక రంగు గీత ఉండాలనడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

అయినా వరుసల జ్ఞానం సగం దారి వరకే తోడు వస్తుంది. మిగిలిన సగానికి చట్టాలు తెలియాలి. ఈ నవలల్లో కుటుంబాలు పగవల్లో పంతాలవల్లో మాత్రమే విడిపోవు, ప్రభుత్వ నిర్ణయాలవల్ల విడిపోతాయి. 1887 నాటి డాస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున ముక్కలు చేసి, మిగిలినదాన్ని బయటివారికి తెరిచింది, ఫలితంగా 13.8 కోట్ల ఎకరాలుగా ఉన్న మూలవాసుల భూమి 1934 నాటికి దాదాపు 4.8 కోట్ల ఎకరాలకు కుంచించుకుపోయింది. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకోవడానికి ఉద్దేశించిన 1/70 చట్టం గురించి విన్నవారు, దానికి సరిగ్గా తలకిందులైన చట్టాన్ని ఊహించుకుంటే డాస్ చట్టం స్వభావం తెలుస్తుంది. 1912 నుంచి 1924 వరకు సాగే 'ట్రాక్స్' కథలో, క్షయవ్యాధికి ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని మిగిలిన ఫ్లర్ పిల్లేజర్ తన సరస్సు ఒడ్డు భూమిని పన్ను కట్టలేక కలప కంపెనీకి కోల్పోవడం ఈ నేపథ్యం తెలియకపోతే వ్యక్తిగత దురదృష్టంగానే మిగిలిపోతుంది. ఈ నవలల్లో రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో కోటా కాదని, తెగకు మిగిలిన నేల అని చర్చ మొదట్లోనే చెప్పుకోవడం కూడా అవసరం.

భూమి తరువాత పిల్లలు. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో సైన్యాధికారి రిచర్డ్ హెన్రీ ప్రాట్ నెలకొల్పిన వసతి పాఠశాల నమూనాగా, మూలవాసి పిల్లలను ఇళ్ల నుంచి దూరంగా తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, మాతృభాష మాట్లాడనీయకుండా పెంచే బడులు దేశమంతటా వెలిశాయి. 'లవ్ మెడిసిన్'లో ఒక తల్లి తన ఇద్దరు కొడుకులలో నెక్టర్‌ను ప్రభుత్వ బడికి ఒప్పగించి, ఎలైను నేలమాళిగలో దాచుకుంటుంది. ఒకడు తెగ రాజకీయాల్లో పెద్దవాడై చివరకు మతిమరుపులో పడతాడు, మరొకడు అడవి విద్యలతో, స్పష్టమైన బుద్ధితో ముసలివాడవుతాడు. ఆ తల్లి ఎంపికపై చర్చిస్తే ఒక సమావేశమంతా గడిచిపోతుంది, గడిచిపోవాలి కూడా. 'ట్రాక్స్'లో ఫ్లర్ బడికి పంపిన కూతురు లులును తిరిగి రప్పించడానికి వృద్ధుడు నానాపుష్ వాడిన ఆయుధం ఒక కాగితం. తనకు పుట్టకపోయినా బాప్టిజం సమయంలో తండ్రి పేరు నానాపుష్ అని మతగురువు చేత రాయించిన కాగితమది. ప్రభుత్వం కాగితాలతో విడదీసిన బంధాన్ని కాగితంతోనే అతికించిన ఆ ముసలివాడు అమెరికా సాహిత్యంలోని గొప్ప పాత్రలలో ఒకడు. నవలలో అతడి కథనమంతా, తల్లిని క్షమించలేని లులుకు ఆ తల్లి పక్షాన చేసుకునే విన్నపమే.

ఈ విడదీత బడులతో ఆగలేదు. మూలవాసి పిల్లల్లో దాదాపు 25 నుంచి 35 శాతం మందిని ఇళ్ల నుంచి తప్పించి పెంపుడు కుటుంబాలకో సంస్థలకో అప్పగించారని 1970లలో తేలడంతో, 1978లో ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ చట్టం వచ్చింది. బిడ్డను వేరేచోట ఉంచవలసివస్తే ముందు బంధువులకు, తరువాత తెగవారికి ప్రాధాన్యమివ్వాలన్న ఆ చట్టాన్ని 2023లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. అమాండా పీటర్స్ 2023 నాటి నవల 'ది బెర్రీ పికర్స్'లో, 1962లో మెయిన్ రాష్ట్రపు పండ్ల తోటల్లో తప్పిపోయిన మిక్‌మా తెగ చిన్నారి కథ వెనుక ఉన్నది ఈ చరిత్రే. ఎర్డ్రిక్ 2016లో రాసిన 'లారోజ్' మరింత కఠినమైన ప్రశ్న వేస్తుంది. జింకను వేటాడబోయి పొరుగింటి పసివాణ్ణి చంపిన లాండ్రో, పాతకాలపు ఆచారం ప్రకారం తన కొడుకు లారోజ్‌ను ఆ ఇంటికి ఇచ్చేస్తాడు. పిల్లవాణ్ణి వస్తువులా ఇవ్వడమేమిటన్న కోపం ఏ బృందంలోనైనా ముందుగా వినిపిస్తుంది. కాని ఆ రెండిళ్ల తల్లులు ఒకే తండ్రికి వేరు వేరు తల్లులకు పుట్టిన అక్కచెల్లెళ్లన్న విషయాన్ని తెలుగు పాఠకుడు దాటిపోడు. లారోజ్ చేరిన ఇల్లు వరుసకు తల్లి ఇల్లే. దానివల్ల ఆ త్యాగం న్యాయమైపోదు గాని, అది ఏ నేలమీద జరిగిందో అర్థమవుతుంది.

తెలుగువారు ఇటువంటి బృందాల్లో చేరడానికి భౌగోళిక కారణం కూడా లేకపోలేదు. డిట్రాయిట్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి, డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వంటి సాహిత్య వేదిక అక్కడే నడుస్తోంది. ఆ నేల 1807 నాటి డిట్రాయిట్ ఒప్పందంలో ఓజిబ్వే, ఒడావా, పొటావాటమీ, వయండాట్ తెగలు అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నది. తాము ఇల్లు కట్టుకున్న చోటి పూర్వచరిత్రను తెలుసుకునేందుకు నవలకు మించిన మర్యాదైన మార్గం అరుదు.

చర్చలో కొన్ని జాగ్రత్తలు అవసరం. బృందంలో మూలవాసి సభ్యులెవరైనా ఉంటే, మొత్తం జాతి తరఫున జవాబు చెప్పే భారం వారిపై మోపకూడదు. పూజావిధానాల వివరాలు నవల చెప్పిన మేరకే తీసుకోవాలి. చెప్పనిది రచయిత కావాలని దాచినది కావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, వీటిని శోకగాథలుగా మాత్రమే చదవకూడదు. లిప్షా వశీకరణ మందు కోసం అడవి బాతు గుండెలు దొరక్క, దుకాణంలో గడ్డకట్టిన టర్కీ కోడి గుండెలు కొని తెచ్చిన ఘట్టం చదువుతూ నవ్వు ఆపుకోవడం కష్టం. ఆ గుండె గొంతుకు అడ్డుపడే అతడి తాత నెక్టర్ మరణిస్తాడు. నవ్వూ చావూ ఒకే పుటలో ఇమడడం ఎర్డ్రిక్ శైలికి ప్రాణం, దాన్ని విడదీసి మాట్లాడే చర్చ ఆమెకు న్యాయం చేయదు.

కొత్త బృందానికి 2020 నాటి 'ది నైట్ వాచ్‌మన్' మంచి ఆరంభం. తెగల ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేయాలని 1953లో అమెరికా కాంగ్రెస్ చేసిన తీర్మానాన్ని టర్టిల్ మౌంటెన్ ప్రజలు ఎదిరించిన తీరును, తెగ అధ్యక్షుడిగా పనిచేసిన తన తాత పాట్రిక్ గోర్నో ఉత్తరాల ఆధారంగా ఎర్డ్రిక్ రాసిన ఈ నవల 2021లో పులిట్జర్ పురస్కారం పొందింది. కథ వరుసగా నడుస్తుంది, పాత్రలు తక్కువ. తరువాత 'ట్రాక్స్', ఆపైన 'లవ్ మెడిసిన్' చేపడితే తాతల తరం నుంచి మనుమల తరానికి రావచ్చు. ఒక్క మాట: 'లవ్ మెడిసిన్'కు రచయిత్రి 1993లో కొత్త అధ్యాయాలు చేర్చి, 2009లో మళ్లీ మార్పులు చేసింది. కాబట్టి తలా ఒక ప్రతి పట్టుకుని తెర ముందు కూర్చునేలోపు, అందరి చేతిలోనూ ఉన్నది ఒకే ముద్రణేనా అని సరిచూసుకోవాలి. లేకపోతే ఒకరు గీసిన వంశవృక్షం మరొకరి పుస్తకానికి సరిపోదు.