చూపే పట్టిస్తుంది

చార్మినార్ దగ్గర నిలబడి పై ఊరివాళ్ళెవరో పోల్చుకోవడం నాకొక సరదా. ముప్ఫయి ఏళ్ళుగా హైదరాబాదులో కాపరముంటున్నాను గనక, ఆ విద్యలో గట్టివాణ్ణేనని నా నమ్మకం.

అందులో పెద్ద కిటుకు లేదు. ఈ ఊరి మనిషి నేలకేసి చూసి నడుస్తాడు. ఏ ఆటో వచ్చి మీద పడుతుందో, ఏ తోపుడుబండి కాలు తొక్కుతుందో అని అతని బెంగ. పై ఊరి మనిషి ఆకాశంకేసి చూస్తాడు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడాన్ని మెడ పట్టేసేదాకా చూస్తాడు. పై అంతస్తులో మసీదున్నదని వింటే నోరు తెరుస్తాడు. నాలుగు వైపులా 1889లో అమర్చిన గడియారాలున్నాయి గదా, వాటిలో టైము చూసుకోడు. వాటికి ఫోటో తీస్తాడు. పక్కనే లాడ్ బజారులో లక్క గాజుల ధర వినగానే భార్య మొహంకేసి చూస్తాడు. ఈ ఊరివాడైతే రెండడుగులు వెనక్కి వేస్తాడు. కొట్టువాడే మళ్ళీ పిలుస్తాడు.

ఇదంతా చూసి నవ్వుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి.

కిందటి సంక్రాంతికి మా ఊరు బయలుదేరాను. మాది కోనసీమలో, రాజోలు దగ్గర పల్లె. నరసాపురంలో రైలు దిగి, వసిష్ఠ గోదావరి దాటడానికి రేవులో పంటు ఎక్కాను. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో ఈ పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. మంచు ఇంకా విడలేదు. పంటు అంచున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాను.

పక్కనున్న పెద్దాయన పలకరించాడు. "అంతర్వేది దర్శనానికాండీ? అవతల ఆటోవాళ్ళు ఎక్కువ అడుగుతారండి. తొందరపడి ఎక్కెయ్యకండి. కాసేపాగితే బస్సొస్తుంది."

నాకు చురుక్కుమంది. "మాది ఈ పక్క ఊరేనండీ!" అన్నాను.

"ఆయ్, అలాగాండీ," అన్నాడు మర్యాదకి. నమ్మలేదని తెలుస్తూనే ఉన్నది.

"నన్ను పై ఊరివాణ్ణని ఎలా అనుకున్నారు?"

"గోదారికేసి చూస్తున్నారు గదండీ!"

చుట్టూ చూశాను. నిజమే! పంటు మీద అంతమంది ఉన్నారా, ఒక్కరూ నీళ్ళకేసి చూడటం లేదు. అందరి కళ్ళూ అవతలి ఒడ్డు మీదే. చిన్నతనంలో ఈ రేవు దాటే కాలేజీకి వెళ్ళాను. ఆ రోజుల్లో గోదావరి ఏ రంగులో ఉండేదంటే చెప్పలేను. వరదకి పంటు ఆపేశారా లేదా, అదొక్కటే నాకు కావలసింది.

ఇంటికి వెళ్ళాను. వదిన మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. "మీకు మా నీళ్ళు పడతాయో పడవో, మరిదిగారూ," అంటూ కొన్న నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ప్రేమతోనే ఇచ్చింది. కాని అది చుట్టానికి చేసే మర్యాద. ఇంటివాడికి మర్యాదలెవరు చేస్తారు చెప్పండి? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పట్టనప్పుడు ఒక సంగతి తోచింది. పై ఊరివాణ్ణి నేనూ పోల్చుకుంటున్నాను, ఆ పెద్దాయనా పోల్చుకున్నాడు. నేను పోల్చుకుని నవ్వుకుంటున్నాను. ఆయన పోల్చుకుని, నేను మోసపోకుండా జాగ్రత్త చెప్పాడు. పట్నానికీ, పల్లెకీ తేడా ఇదేనంటే పట్నంలో ఉన్న మంచివాళ్ళకు అన్యాయం చేసినట్లవుతుంది. తేడా నాలోనే వచ్చి ఉంటుంది.

తిరిగి వచ్చాక ఒకనాడు లాడ్ బజారులో ఒక జంట కనిపించింది. ధర విన్నారు, అతను ఆమె మొహంకేసి చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి, "రెండడుగులు వెనక్కి వెయ్యండి," అన్నాను మెల్లగా.

వేశారు. కొట్టువాడు నాకేసి గుడ్లురుముతూనే వాళ్ళను వెనక్కి పిలిచాడు.

గాజులు కొనుక్కుని వస్తూ అతను అడిగాడు, "మీది ఈ ఊరేనాండీ?"

"ఆయ్!" అన్నాను.