లెక్కలోకి రాని సైనిక ఇంధనం

శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నప్పుడు ఆయన సేన ఏనుగులు, గుర్రాలు, బరువులు మోసే ఎద్దులు తినే మేతపై ఆధారపడి నడిచింది. కోసిన మేత మరుసటి వానకు మళ్లీ మొలిచి, గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకునేది. ఆ దుర్గం ఉన్న ఉదయగిరి కొండల పేరే పెట్టుకుని 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ ఉదయగిరి సుమారు 6,700 టన్నుల యుద్ధనౌక. అది మామూలు వేగానికి డీజిల్ ఇంజన్లను, అధిక వేగానికి గ్యాస్ టర్బైన్లను, అంటే విమాన ఇంజన్ల తరహా యంత్రాలను వాడుతుంది. కోట్ల ఏళ్లుగా భూగర్భంలో నిలవ ఉన్న కార్బన్ ఇలా మండి గాలిలో కలిస్తే, ఏ వానాకాలమూ దానిని తిరిగి నేలకు చేర్చలేదు.

భూమిని వేడెక్కించే వాయువుల విడుదలను, అంటే ఉద్గారాలను, ప్రతి రంగం నుంచీ లెక్క అడిగే అంతర్జాతీయ ఒప్పందాలు సైన్యాలను మాత్రం చాలావరకు వదిలేశాయి. 1997లో క్యోటో వాతావరణ సదస్సులో, అమెరికా పట్టుదల వల్ల, ఐక్యరాజ్యసమితి నిబంధనావళి ప్రకారం పలు దేశాలు కలిసి జరిపే సైనిక చర్యల ఉద్గారాలను ఏ దేశపు మొత్తంలోనూ కలపనక్కరలేదని నిర్ణయించారు. 2015 నాటి పారిస్ ఒప్పందం ఆ మినహాయింపును నిలబెట్టకపోయినా, సైనిక ఉద్గారాలను విడిగా ప్రకటించాలన్న నిర్బంధమూ పెట్టలేదు. భారత్ సహా అనేక దేశాలు ప్రకటించడమూ లేదు. దొరికిన కొద్ది వివరాలతోనే పరిశోధకులు 2022లో ప్రపంచ ఉద్గారాల్లో సైన్యాల వాటా సుమారు 5.5 శాతమని అంచనా కట్టారు, ఇందులో యుద్ధాల్లో కాలిపోయే ఊళ్లు, చమురు నిల్వలు, తిరిగి కట్టవలసిన భవనాలు చేరలేదు.

సైనిక అవసరం నేలనూ కోరుతుంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళ రేడియో కేంద్రానికి కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు సముద్రపు నీటిలో కొంత లోతుకు దిగగలవు గనుక, మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు వాటి ద్వారానే అందుతాయి. ఆ అవసరం నిజమే. అయితే మూసీ పుట్టే కొండల సమీపంలోని అడవి తన చెట్లలో, నేలలో దాచిన కార్బన్‌కు రక్షణ అన్న ఒక్క మాటతో విలువే లేకుండా పోవడం అన్యాయం.

ఇలా లెక్కకు రాకుండా గాలిలో చేరే కార్బన్‌కు మూల్యం చెల్లించేది నెల్లూరు జిల్లాలోని మర్రిపాడు, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలు. అక్కడి చెరువులు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానతోనే చాలావరకు నిండాలి. బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది గనుక, నెలల తరబడి కురవవలసిన వాన కొద్ది రోజుల్లో కుంభవృష్టిగా పడి, మిగిలిన రోజులు ఎండుగా గడిచే ముప్పు పెరుగుతుంది. అలాంటి వాన ఏం చేయగలదో 2021 నవంబరులో, పెన్నా పొంగి సోమశిల దిగువ ఊళ్లను ముంచి, నెల్లూరు దగ్గర జాతీయ రహదారిని తెంచినప్పుడు ఈ జిల్లా చూసింది.

దేశ భద్రతకు గోప్యత అవసరమన్న వాదన ఇక్కడ నిలవదు; ఏడాది మొత్తంలో ఎంత ఇంధనం కాలిందో చెప్పినంత మాత్రాన ఏ నౌక ఎక్కడ ఉందో శత్రువుకు తెలియదు, బ్రిటన్ రక్షణ శాఖ తన ఉద్గారాలను ప్రకటిస్తూనే ఉంది. పారిస్ ఒప్పందం కింద ఐదేళ్లకోసారి జరిగే ప్రపంచ సమీక్షల్లో మొదటిది 2023లో ముగిసింది, రెండోది 2028లో ముగియాలి. అందులో సైనిక ఇంధనానికి విడిగా ఒక పద్దు ఉండాలని భారత్ అడగడానికి, అంతకు ముందే తన లెక్క తాను బయటపెట్టడానికి వ్యవధి ఉంది.