చెట్టు మీది వేటగాడికి పట్టీలెందుకు?

అమెరికాలో జింకల వేటగాళ్లు చాలామంది చెట్టుకు బిగించిన ట్రీ స్టాండ్ మీద, 20 అడుగుల ఎత్తున గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. అక్కడ కునుకు పడితే? సెకను పైచిలుకులో నేలను తాకుతారు, అదీ గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో!

అందుకే హార్నెస్. వట్టి నడుము బెల్టు చాలదు. పడితే పొట్ట మీద బిగిసి ఊపిరాడనివ్వదు. భుజాలు, ఛాతీ, తొడలను చుట్టే పట్టీలైతే బరువును పంచుతాయి.

మరి ఎక్కేటప్పుడు? పైనుంచి కిందదాకా కట్టిన తాడుకు ప్రూసిక్ ముడి వేసి, దానికి హార్నెస్‌ను తగిలిస్తారు. ఎంత తెలివైన ముడో! చేత్తో జరిపితే జరుగుతుంది, మనిషి బరువు పడగానే తాడును పట్టేస్తుంది.

వేలాడుతూ ఉండిపోవడమూ ప్రమాదమే. తొడల పట్టీలు నొక్కుకుని కాళ్లలోని రక్తం గుండెకు సరిగా చేరదు. అప్పుడు ఒక పట్టీని ఉచ్చులా వేసి, అందులో పాదం మోపి నిలబడాలి.

చాలామంది పడేది ఎక్కుతూ దిగుతూనే. కాబట్టి నేల మీద ఉండగానే హార్నెస్‌ను తాడుకు తగిలించుకోవాలి.